ఢాకా, ఇస్లామాబాద్, కాబూల్: పొరుగు దేశాల గొడవల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఢాకాలో ప్రభుత్వం పడిపోయినా, కాబూల్‌లో బాంబు పేలినా, ఇస్లామాబాద్‌లో రాజ్యాంగం మార్చినా మన వాట్సాప్ గ్రూపుల్లో దాదాపు ఒకే రకం ప్రశ్నలు తిరుగుతుంటాయి. జవాబులు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు ఇస్తుంటారు. ఎక్కువగా వినబడే ప్రశ్నలు కొన్ని ఇక్కడ ఒకచోట పెట్టాను. వివరాలన్నీ 2025 డిసెంబర్ చివరి నాటివి. బంగ్లాదేశ్ గురించి ఎక్కువ రాశాను, ఎందుకంటే అడిగేవాళ్లు కూడా దాని గురించే ఎక్కువ అడుగుతున్నారు.

మన పొరుగున ఉన్న ముస్లిం మెజారిటీ దేశాలు ఏవి?

నాలుగు. బంగ్లాదేశ్‌తో మనకు 4,096 కిలోమీటర్ల సరిహద్దు ఉంది, మన సరిహద్దుల్లో అదే అన్నిటికన్నా పొడవైనది. పాకిస్తాన్‌తో 3,300 కిలోమీటర్ల పైచిలుకు. మాల్దీవులు సముద్రంలో ఉన్నాయి. అఫ్గానిస్తాన్‌తో కేంద్ర ప్రభుత్వ లెక్క ప్రకారం 106 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. అయితే ఆ ముక్క పాక్ ఆక్రమిత కశ్మీర్‌లో ఉంది కాబట్టి అది మ్యాపులో తప్ప మన చేతిలో లేదు.

బంగ్లాదేశ్‌లో గొడవ నిజంగా రిజర్వేషన్ల మీదేనా?

మొదలైంది దాని మీదే. 1971 యుద్ధంలో పోరాడినవాళ్లకు ప్రభుత్వ ఉద్యోగాల్లో 30 శాతం కోటా ఉండేది. కాలక్రమంలో అది వాళ్ల పిల్లలకు, తర్వాత మనవలకు కూడా వర్తించింది. దానికి మహిళలకు 10, వెనకబడిన జిల్లాలకు 10, గిరిజన తెగలకు 5, వికలాంగులకు 1 శాతం కలిపితే మొత్తం 56. మిగిలిన 44 శాతం పోస్టుల కోసం లక్షల మంది డిగ్రీ పిల్లలు ఏళ్ల తరబడి పుస్తకాలు పట్టుకుని కూర్చుంటారు. అశోక్‌నగర్ రూముల్లో గ్రూప్స్‌కి చదివినవాళ్లకు ఆ టెన్షన్ గురించి వేరే చెప్పక్కర్లేదు. పైగా స్వాతంత్ర్య సమరయోధుల సర్టిఫికెట్లు అధికార పార్టీ వాళ్లకే తేలిగ్గా దొరుకుతాయన్న అనుమానం అక్కడ ఎప్పటినుంచో ఉంది.

2018లో విద్యార్థులు రోడ్డెక్కితే అప్పటి ప్రధాని షేక్ హసీనా ప్రభుత్వం పై స్థాయి ఉద్యోగాల్లో కోటాలన్నీ ఎత్తేస్తూ సర్క్యులర్ ఇచ్చింది. 2024 జూన్ 5న హైకోర్టు ఆ సర్క్యులర్ చెల్లదని చెప్పింది. దాంతో జులై మొదట్లో ఢాకా యూనివర్సిటీ నుంచి మళ్లీ ఊరేగింపులు బయల్దేరాయి.

కోటా సమస్య కోర్టులో తేలిపోయేదే. జులై 21న సుప్రీంకోర్టు 93 శాతం మెరిట్‌కు, 5 శాతం సమరయోధుల కుటుంబాలకు, 1 శాతం తెగలకు, 1 శాతం వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు అని తీర్పు కూడా ఇచ్చేసింది. విద్యార్థులు అడిగింది దాదాపు అదే. కానీ అప్పటికి రోడ్ల మీద శవాలు లేచాయి. జులై 15న హసీనా పార్టీ అవామీ లీగ్ విద్యార్థి విభాగం ఛాత్ర లీగ్ కర్రలతో క్యాంపస్‌లో దిగింది. మర్నాడు రంగ్‌పూర్‌లో అబూ సయీద్ అనే విద్యార్థి రెండు చేతులూ బార్లా చాపి పోలీసుల ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో ఒక చిన్న కర్ర తప్ప ఏమీ లేదు. రోడ్డుకు అవతలి నుంచి కాల్చారు. ఆ వీడియో చూశాక ఇంట్లో కూర్చున్న తల్లిదండ్రులు కూడా బయటికొచ్చారు. 18న ఇంటర్నెట్ కట్ చేశారు, 19 రాత్రి కర్ఫ్యూ పెట్టి సైన్యాన్ని దించారు.

జులై 25న హసీనా మీర్పూర్‌లో ఆందోళనకారులు పగలగొట్టిన మెట్రో స్టేషన్ చూడటానికి వెళ్లి కళ్లు తుడుచుకున్నారు. పిల్లలు చచ్చిపోతే రాని కన్నీళ్లు టికెట్ మెషీన్లకు వచ్చాయా అని జనం మండిపడ్డారు. నన్నడిగితే ఆవిడ పతనంలో కోర్టు తీర్పుల కంటే ఆ ఫొటో పాత్రే ఎక్కువ.

పదిహేనేళ్లు గెలిచిన నాయకురాలిని ఒక్క నెలలో ఎలా దించగలిగారు?

గెలిచిన తీరు చూస్తే అర్థమవుతుంది. బంగ్లాదేశ్‌లో ఎన్నికలప్పుడు అధికార పార్టీ పక్కకు తప్పుకుని తటస్థ ఆపద్ధర్మ ప్రభుత్వం వచ్చే పద్ధతి 1996 నుంచి ఉండేది. అప్పట్లో దాని కోసం వీధి పోరాటం చేసింది హసీనాయే. 2011లో ఆ పద్ధతిని తీసేసిందీ ఆవిడే. 2014 ఎన్నికలను మాజీ ప్రధాని ఖాలిదా జియా పార్టీ బీఎన్‌పీ బహిష్కరించింది. 300 సీట్లలో 153 చోట్ల పోటీయే లేదు, అంటే పోలింగ్ రోజు రాకముందే మెజారిటీ వచ్చేసింది. 2018లో ముందు రోజు రాత్రే బాక్సులు నింపారన్న ఆరోపణ వచ్చింది. 2024 జనవరిలో బీఎన్‌పీ మళ్లీ బహిష్కరించింది. ముప్పయ్యేళ్లలోపు కుర్రాళ్లలో చాలామంది నికరమైన ఓటు ఒక్కసారి కూడా వేయలేదు. ఓటుతో దించే దారి మూసేశాక మిగిలేది వీధే కదా.

"రజాకార్" అన్న మాట మీద గొడవ పెరిగిందంటారు. మన నిజాం నాటి రజాకార్లేనా?

కాదు. పేరు ఒకటే, మనుషులు వేరు. మనకు తెలిసినవాళ్లు ఖాసిం రజ్వీ నడిపిన దళాలు, 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్‌తో వాళ్ల కథ ముగిసింది. బంగ్లాదేశ్ వాళ్లు చెప్పే రజాకార్లు 1971లో పాకిస్తాన్ సైన్యానికి తోడుగా పనిచేసిన స్థానికులు. తెలంగాణ పల్లెల్లో ఆ మాటకు ఎంత కోపం ఉందో అక్కడా అంతే ఉంది. 2024 జులై 14న ప్రెస్‌మీట్‌లో హసీనా, సమరయోధుల మనవలకు ఇవ్వకపోతే రజాకార్ల మనవలకు ఇవ్వాలా అన్నారు. ఆ రాత్రే హాస్టళ్ల నుంచి ఆడపిల్లలతో సహా వేలమంది బయటికొచ్చి, మేమెవరం, రజాకార్లం అని వెటకారంగా నినాదాలిచ్చారు. యాభై ఏళ్లుగా ఎవరి నోరైనా మూయించిన తిట్టు ఆ ఒక్క రాత్రితో పనికిరాకుండా పోయింది.

హసీనా పారిపోయిన 2024 ఆగస్టు 5న సైన్యం ఎందుకు కాల్చలేదు?

ముందురోజు, ఆగస్టు 4న, ఒక్కరోజే 90 మందికి పైగా చనిపోయారు. హసీనా రాజీనామా తప్ప వేరే డిమాండ్ లేదని విద్యార్థి నేతలు అప్పటికే షహీద్ మినార్ దగ్గర ప్రకటించారు. ఢాకాకు తరలి రమ్మని పిలుపిచ్చారు. ఆర్మీ చీఫ్ వాకర్ ఉజ్ జమాన్ పదవిలోకి వచ్చి అప్పటికి నెలన్నరే. కింది ఆఫీసర్లు సొంత జనం మీద కాల్చడానికి సిద్ధంగా లేరు. ఇంకో కారణం కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి శాంతి దళాలకు ఎక్కువమంది సైనికులను పంపే దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. అందులో జీతమూ ఉంది, పరువూ ఉంది. జనం మీద కాల్పులకు దిగితే ఆ అవకాశం పోతుందని సైన్యాన్ని హెచ్చరించినట్టు ఐరాస మానవ హక్కుల చీఫ్ ఫోల్కర్ టుర్క్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పారు.

మధ్యాహ్నానికి హసీనా చెల్లెలితో కలిసి హెలికాప్టర్ ఎక్కారు. సాయంత్రానికి సైనిక విమానం ఢిల్లీ పక్కన హిండన్ ఎయిర్‌బేస్‌లో దిగింది. ఇటు ప్రధాని నివాసం గణభవన్‌లోకి జనం చొరబడి చీరలు, కుర్చీలు, బాతులు, ఆఖరికి ఫ్రిజ్‌లోని పెద్ద చేపతో సహా పట్టుకుపోయారు. మూడు రోజుల తర్వాత నోబెల్ గ్రహీత ముహమ్మద్ యూనస్ తాత్కాలిక ప్రభుత్వానికి ముఖ్య సలహాదారుగా ప్రమాణం చేశారు.

ఎంతమంది చనిపోయారు?

ఐరాస మానవ హక్కుల కార్యాలయం 2025 ఫిబ్రవరి నివేదికలో జులై 1 నుంచి ఆగస్టు 15 మధ్య 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని, ఎక్కువమంది భద్రతా దళాల తూటాలకే బలయ్యారని చెప్పింది. వాళ్లలో 12 నుంచి 13 శాతం పిల్లలు. బంగ్లాదేశ్ ప్రభుత్వ గెజిట్‌లో 800కు పైగా పేర్లున్నాయి. తమవాళ్లు 44 మంది చనిపోయారని పోలీసు శాఖ చెప్పింది. సంఖ్య మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంటుంది.

వెనక అమెరికా ఉందంటారు కదా?

సెయింట్ మార్టిన్ ద్వీపం అడిగితే ఇవ్వనందుకు తనను దించారన్న అర్థం వచ్చే మాటలు హసీనా వైపు నుంచి వచ్చాయి. అమెరికా కాదంది. బయటి దేశాలకు ఆసక్తి ఉండదని ఎవరూ అనరు. కానీ లక్షల మందిని కర్ఫ్యూలో, ఇంటర్నెట్ లేకుండా, తుపాకుల ఎదుటికి నడిపించడం ఏ రాయబార కార్యాలయం వల్లా అయ్యే పని కాదు.

హిందువుల మీద దాడులు నిజమా, ప్రచారమా?

రెండూ జరిగాయి. ఒకటి ఒప్పుకుంటే రెండోది కాదనాలన్న పట్టుదల వల్లే ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకడం లేదు.

హసీనా పారిపోయాక చాలాచోట్ల పోలీస్ స్టేషన్లు ఖాళీ అయ్యాయి. ఆ రోజుల్లో ఇళ్లు, దుకాణాలు, గుళ్లు ధ్వంసమయ్యాయి. ఆగస్టు 4 నుంచి 20 దాకా 2,010 ఘటనలు జరిగాయని అక్కడి హిందూ బౌద్ధ క్రైస్తవ ఐక్య పరిషత్ లెక్క తేల్చింది. అందులో ఎక్కువభాగం మతం మీద కాదు, అవామీ లీగ్ వాళ్లన్న రాజకీయ కక్షతో జరిగాయని పోలీసులు తర్వాత వివరణ ఇచ్చారు. ఇల్లు తగలబడినవాడికి ఈ తేడాతో ఏం ఒరుగుతుంది? హిందువులు ఎక్కువగా అవామీ లీగ్‌కు ఓటేస్తారన్న పేరు ఉన్నచోట రాజకీయ కక్షనూ మత ద్వేషాన్నీ విడదీయడమే కష్టం. 1951లో తూర్పు పాకిస్తాన్ జనాభాలో 22 శాతం ఉన్న హిందువులు 2022 జనాభా లెక్కల్లో 8 శాతం. హసీనా హయాం కూడా ఆ తరుగుదలను ఆపలేదు.

ఇక ప్రచారం సంగతి. క్రికెటర్ లిటన్ దాస్ ఇల్లు తగలబెట్టారని మన ఫోన్లన్నిటికీ ఒక ఫొటో వచ్చింది. తగలబడింది మాజీ కెప్టెన్ మష్రఫే మొర్తజా ఇల్లు. ఆయన ముస్లిం, అవామీ లీగ్ ఎంపీ. ఇలాంటి తప్పుడు పోస్టులు చివరికి మేలు చేసేది దాడి చేసినవాళ్లకే, ఎందుకంటే ఒక అబద్ధం బయటపడగానే నిజమైన ఫిర్యాదులను కూడా కొట్టిపారేయడం తేలికవుతుంది.

2025 డిసెంబర్‌లో పరిస్థితి మళ్లీ చెడింది. విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చిన షరీఫ్ ఉస్మాన్ హాదీని కాల్చారు, ఆయన 18న సింగపూర్ ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ రాత్రి ఢాకాలో ప్రథమ్ ఆలో, డైలీ స్టార్ పత్రికల ఆఫీసులకు నిప్పు పెట్టారు. అదే రాత్రి మైమన్‌సింగ్ జిల్లాలో దైవదూషణ చేశాడన్న ఆరోపణతో ఒక హిందూ ఫ్యాక్టరీ కార్మికుణ్ని మూక కొట్టి చంపింది.

హసీనాను భారత్ అప్పగిస్తుందా?

2025 నవంబర్ 17న ఢాకాలోని ఇంటర్నేషనల్ క్రైమ్స్ ట్రిబ్యునల్ ఆవిడకు మరణశిక్ష వేసింది. ఆవిడ లేకుండానే విచారణ జరిగింది. ఆ ట్రిబ్యునల్‌ను 2010లో, 1971 నేరాల విచారణ కోసం, ఏర్పాటు చేసింది హసీనా ప్రభుత్వమే. తీర్పును గమనించామని మాత్రం భారత్ చెప్పింది.

రెండు దేశాల మధ్య 2013 నాటి నేరస్తుల అప్పగింత ఒప్పందం ఉంది. రాజకీయ నేరమైతే తిరస్కరించవచ్చు, కానీ హత్యను రాజకీయ నేరంగా చూడకూడదని అందులోనే ఉంది. అయితే న్యాయం కోసం సదుద్దేశంతో చేసిన అభియోగం కాదనిపిస్తే కాదనడానికి ఇంకో క్లాజు కూడా ఉంది. కాబట్టి చట్టం ఎటైనా తిరుగుతుంది. 1975 ఆగస్టు 15న తండ్రి ముజీబుర్ రెహమాన్‌తో పాటు కుటుంబంలో దాదాపు అందరినీ చంపేశాక హసీనాకు ఆరేళ్లు ఆశ్రయమిచ్చింది ఢిల్లీయే. ఇప్పుడు ఉరికంబానికి పంపుతుందని నేను అనుకోను.

ఆ తర్వాత ఎన్నికల మాటేమిటి?

2026 ఫిబ్రవరి 12న ఎన్నికలు, అదే రోజు జులై చార్టర్ అనే రాజ్యాంగ సంస్కరణల పత్రం మీద రెఫరెండం అని ఎన్నికల కమిషన్ షెడ్యూల్ ఇచ్చింది. 2025 మేలో అవామీ లీగ్ కార్యకలాపాలను నిషేధించారు కాబట్టి ఆ పార్టీ బరిలో లేదు. పదిహేడేళ్లు లండన్‌లో ఉన్న ఖాలిదా జియా కొడుకు తారిఖ్ రెహమాన్ డిసెంబర్ 25న తిరిగొచ్చారు, 30న ఖాలిదా కన్నుమూశారు. ప్రధాన పార్టీ లేకుండా ఎన్నిక పెట్టడం హసీనా హయాంలో తప్పయితే ఇప్పుడూ తప్పే అనేవాళ్లు అక్కడే ఉన్నారు. వాళ్ల మాటలో పస ఉంది.

పాకిస్తాన్‌లో ఒక్క ప్రధానీ అయిదేళ్లు ఎందుకు నిలవడు?

నిజమే, ఇప్పటిదాకా ఒక్కరూ పూర్తి పదవీకాలం ఉండలేదు. మొదటి ప్రధాని లియాఖత్ అలీ ఖాన్‌ను 1951లో రావల్పిండి సభలో కాల్చి చంపారు. 1958లో అయూబ్ ఖాన్, 1977లో జియా ఉల్ హక్, 1999లో ముషారఫ్ నేరుగా అధికారం లాక్కున్నారు. మిగతా కాలంలో సైన్యం వెనక సీట్లో కూర్చుని స్టీరింగ్ తిప్పుతూ వచ్చింది. దానికి భూములున్నాయి, సిమెంటు, ఎరువుల ఫ్యాక్టరీలున్నాయి, బ్యాంకు వాటాలున్నాయి. ఏ ప్రధాని అయినా ఆర్మీ చీఫ్ లేదా ఐఎస్ఐ చీఫ్ నియామకంలో సొంత మాట నెగ్గించుకోవాలని చూసిన రోజు నుంచి అతని రోజులు లెక్కపెట్టుకోవచ్చు.

ఇమ్రాన్ ఖాన్ విషయంలోనూ అదే జరిగిందా?

అచ్చంగా అదే. 2018లో సైన్యం అండతో గెలిచాడని ప్రత్యర్థులు అప్పుడే అన్నారు. ఐఎస్ఐ చీఫ్ ఫైజ్ హమీద్‌ను మార్చే విషయంలో 2021లో ఆర్మీ చీఫ్ జనరల్ బాజ్వాతో చెడింది. 2022 ఏప్రిల్‌లో అవిశ్వాస తీర్మానంతో దిగిపోయాడు. అలా దిగిన మొదటి పాక్ ప్రధాని అతనే. మామూలుగా అక్కడితో కథ అయిపోవాలి. ఇమ్రాన్ మాత్రం పేరు పెట్టి జనరళ్లను తిట్టడం మొదలుపెట్టాడు.

2023 మే 9న కోర్టు ఆవరణలోనే అరెస్టు చేయగానే అతని మద్దతుదారులు లాహోర్‌లో కోర్ కమాండర్ బంగళాలో దూరి తగలబెట్టారు. ఒకాయన అక్కడి పెంపుడు నెమలిని పట్టుకుని నడిచొచ్చిన వీడియో ప్రపంచమంతా చూసింది. జనం సైన్యం ఇంట్లోకి దూరడం పంజాబ్‌లో ఊహకందని సంగతి. దాని తర్వాత వేలమంది అరెస్టయ్యారు, పౌరులను మిలటరీ కోర్టుల్లో విచారించారు.

2023 ఆగస్టు 5 నుంచి ఇమ్రాన్ జైల్లోనే ఉన్నాడు. 2024 ఎన్నికల ముందు పార్టీ గుర్తు క్రికెట్ బ్యాట్‌ను తీసేస్తే అభ్యర్థులు ఇండిపెండెంట్లుగా తలో గుర్తుతో నిలబడ్డారు. అయినా 93 సీట్లు వాళ్లకే, మరే పార్టీకీ అన్ని రాలేదు. మిగతా పార్టీలు కలిసి షెహబాజ్ షరీఫ్‌ను ప్రధానిని చేశాయి.

పాక్ ఆర్మీ చీఫ్ ఆసిమ్ మునీర్ చేతికి అంత అధికారం ఎలా వచ్చింది?

ఈసారి సైనిక తిరుగుబాటు అవసరం రాలేదు, పార్లమెంటే ఇచ్చింది. 2025 మేలో భారత్‌తో ఘర్షణ ముగిసిన వెంటనే ఆయన్ని ఫీల్డ్ మార్షల్ చేశారు. నవంబర్‌లో వచ్చిన 27వ సవరణ ఆయన్ని త్రివిధ దళాలకూ పెద్దను చేసింది, ఫీల్డ్ మార్షల్ హోదా జీవితాంతం ఉంటుందని, జీవితాంతం క్రిమినల్ కేసులు పెట్టకూడదని రాసింది. సుప్రీంకోర్టుకు పైన వేరే రాజ్యాంగ కోర్టు పెట్టింది. ఇద్దరు సుప్రీంకోర్టు జడ్జీలు నిరసనగా రాజీనామా చేశారు. 2019లో మునీర్‌ను ఎనిమిది నెలలకే ఐఎస్ఐ పదవి నుంచి తప్పించింది ఇమ్రాన్ ప్రభుత్వం. ఇప్పుడు జైల్లో ఎవరున్నారో, బయట ఎవరున్నారో చూస్తే మిగతాది విడమరచనక్కర్లేదు.

తాలిబన్‌ను పెంచిందే పాకిస్తాన్ కదా, ఇప్పుడు ఇద్దరూ ఎందుకు కొట్టుకుంటున్నారు?

2021 ఆగస్టు 15న తాలిబన్ కాబూల్‌లో అడుగుపెట్టింది. సెప్టెంబర్ మొదట్లో ఐఎస్ఐ చీఫ్ ఫైజ్ హమీద్ కాబూల్ హోటల్లో టీ కప్పు చేత్తో పట్టుకుని, అంతా సర్దుకుంటుందిలెండి అని విలేకరులతో నవ్వుతూ అన్నాడు. నాలుగేళ్ల తర్వాత, 2025 డిసెంబర్‌లో, ఆ ఫైజ్ హమీద్‌కే కోర్టు మార్షల్ 14 ఏళ్ల జైలు వేసింది. ఆ కేసు వేరే ఆరోపణల మీద. కానీ ఆ టీ కప్పు ఫొటో పాకిస్తాన్‌లో ఇప్పటికీ ఒక తిట్టుగా మిగిలింది.

అసలు చిక్కు టీటీపీతో, అంటే పాకిస్తానీ తాలిబన్‌తో. 2007లో పుట్టిన ఈ సంస్థే 2014 డిసెంబర్ 16న పెషావర్ ఆర్మీ స్కూల్లో దాదాపు 150 మందిని చంపింది, ఎక్కువమంది స్కూలు పిల్లలు. అఫ్గాన్ తాలిబన్‌తో కలిసి అమెరికాపై పోరాడినవాళ్లు కాబట్టి కాబూల్ వాళ్లను తరిమేయదు. పాక్ సైనికుల మీద దాడులు పెరిగేకొద్దీ ఇస్లామాబాద్ సహనం తగ్గుతోంది.

దానికింద ఇంకా పాత తగాదా ఒకటుంది. 1893లో బ్రిటిష్ అధికారి డ్యూరాండ్ గీసిన గీత పష్తూన్ల నేలను రెండుగా చీల్చింది. రాజుల కాలం నుంచి కమ్యూనిస్టులు, తాలిబన్ దాకా కాబూల్‌లో ఎవరూ ఆ గీతను సరిహద్దుగా మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. 1947లో పాకిస్తాన్‌ను ఐరాసలో చేర్చుకోవద్దని ఓటేసిన ఒకే ఒక్క దేశం అఫ్గానిస్తాన్.

2025 అక్టోబర్‌లో కాబూల్‌లో పేలుళ్లు, సరిహద్దులో ఇరువైపులా కాల్పులు, అఫ్గాన్‌లోని పక్తికాలో పాక్ వైమానిక దాడి, తర్వాత దోహాలో ఖతార్, తుర్కియే మధ్యవర్తిత్వంతో కాల్పుల విరమణ. పక్తికాలో చనిపోయినవాళ్లలో ముగ్గురు స్థానిక క్రికెటర్లున్నారని అఫ్గాన్ బోర్డు చెప్పి, పాక్‌లో ఆడాల్సిన సిరీస్ నుంచి తప్పుకుంది. ఒకప్పుడు సన్‌రైజర్స్‌కు ఆడిన రషీద్ ఖాన్ కూడా ఆ దాడిని ఖండించాడు. సరిహద్దులోని తోర్ఖమ్, చమన్ గేట్లు మూసేయడంతో లారీల్లో పళ్లు కుళ్లిపోయాయి, పాకిస్తాన్‌లో కిలో టమాటా అక్కడి రూపాయల్లో 600 దాకా వెళ్లింది.

మరి భారత్ తాలిబన్‌తో చేతులు కలపడం ఏంటి?

చాలామందికి మింగుడుపడని విషయమే. 1999లో మన విమానాన్ని కాందహార్‌కు హైజాక్ చేసినప్పుడు అక్కడున్నది తాలిబన్ పాలన. 2008లో కాబూల్‌లోని మన రాయబార కార్యాలయంపై బాంబు దాడికి కారణమని చెప్పే హక్కానీ ముఠా నాయకుడు ఇప్పుడు అక్కడ హోంమంత్రి. అయినా 2025 అక్టోబర్‌లో తాలిబన్ విదేశాంగ మంత్రి ముత్తాఖీ ఢిల్లీ వచ్చాడు, కాబూల్‌లో మన రాయబార కార్యాలయం మళ్లీ తెరిచారు. అధికారికంగా గుర్తించలేదు, ఇప్పటిదాకా ఆ పని చేసింది రష్యా ఒక్కటే. పాకిస్తాన్‌తో చెడినవాడితో మాట్లాడటం పాత రాజనీతే.

కానీ ముత్తాఖీ మొదటి ప్రెస్‌మీట్‌కు ఢిల్లీ నడిబొడ్డున మహిళా జర్నలిస్టులను రానివ్వలేదు. గొడవయ్యాక రెండో ప్రెస్‌మీట్ పెట్టి వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆరో తరగతి దాటాక ఆడపిల్లలకు చదువు లేదన్న దేశంతో వ్యాపారం చేయొచ్చేమో. ఆ రూలు మన గడ్డ మీదికి కూడా తెచ్చుకోవడం మాత్రం సిగ్గుచేటు.

మాల్దీవుల సంగతి?

అక్కడ తిరుగుబాటు లేదు, మాటల యుద్ధమే. ఇండియా అవుట్ అని 2023లో అధ్యక్షుడిగా గెలిచిన ముయిజ్జు 2024 మే కల్లా మన సైనికులను పంపించేశాడు. 2025 జులైలో స్వాతంత్ర్య దినోత్సవానికి మోదీనే ముఖ్య అతిథిగా పిలిచాడు. మధ్యలో అప్పులు గుర్తొచ్చాయి.

ఇదంతా ఇస్లాం వల్లే అంటే ఒప్పుకుంటారా?

ఒప్పుకోను. 2022 జులైలో కొలంబోలో అధ్యక్ష భవనంలోకి జనం చొరబడి స్విమ్మింగ్‌పూల్లో ఈదారు, అది బౌద్ధుల దేశం. 2025 సెప్టెంబర్‌లో ఖాట్మండూలో సోషల్ మీడియా నిషేధంతో మొదలైన గొడవకు ఓలీ ప్రభుత్వం రెండ్రోజుల్లో కూలింది, పార్లమెంటు తగలబడింది, అది హిందువుల దేశం. ఢాకాలో చూసిన దృశ్యాలే అవి. ఉద్యోగాల్లేని చదువుకున్న కుర్రాళ్లు, అధికారంలో పాతుకుపోయిన కుటుంబాలు, నమ్మకం పోయిన ఎన్నికలు మూడుచోట్లా ఉన్నాయి. 1971లో పాకిస్తాన్ విడిపోయింది కూడా ఒకే మతం ఉన్నవాళ్ల మధ్య, భాష మీద, గెలిచినవాడికి పదవి ఇవ్వనందుకు. బలూచిస్తాన్‌లో 2025 మార్చిలో జాఫర్ ఎక్స్‌ప్రెస్‌ను హైజాక్ చేసినవాళ్లూ, వాళ్లతో పోరాడిన సైనికులూ ముస్లింలే.

అలాగని మతానికి పాత్ర లేదంటే అదీ అబద్ధమే. ప్రభుత్వం కూలి ఖాళీ ఏర్పడ్డాక ఎవరు ముందు దూరతారన్నది సంస్థాబలం మీద ఆధారపడుతుంది. బంగ్లాదేశ్‌లో మసీదులు, మదర్సాలు, ట్రస్టుల ద్వారా ఆ బలం జమాతే ఇస్లామీకి ఉంది. 2024 ఆగస్టు 1న హసీనా దాన్ని నిషేధిస్తే, నెల తిరక్కుండానే యూనస్ ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. వీధిలో ముందు నిలబడిన అమ్మాయిలకు ఆ తర్వాత కమిటీల్లో పెద్దగా చోటు దక్కలేదు.

తెలుగువాళ్లకు దీనితో ఏం పని?

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో చనిపోయిన 26 మందిలో విశాఖపట్నం, కావలి మనుషులున్నారు. మే నెల ఘర్షణలో నియంత్రణ రేఖ దగ్గర చనిపోయిన అగ్నివీర్ శ్రీసత్యసాయి జిల్లా కుర్రాడు. 1971లో పాక్ జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ తీరంలోనే.

రోజువారీ బతుకులోనూ ఉంది. పులిహోర పోపులో వేసే ఇంగువకు ముడిసరుకు ఎక్కువగా అఫ్గానిస్తాన్ నుంచి వస్తుంది. బేగంబజార్‌లో అంజీర్, కిస్మిస్ ధరలు అటు దారులు మూసుకుంటే పెరుగుతాయి. గుంటూరు మిర్చి కొనే దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి, 2024 ఆగస్టులో బెంగాల్ సరిహద్దులోని పెట్రాపోల్ గేటు దగ్గర సరుకు లారీలు ఆగిపోయాయి. ఉస్మానియాలో చదువుకునే అఫ్గాన్ విద్యార్థులకు కాబూల్ పడిపోయిన రోజు నుంచి ఇంటికి వెళ్లాలో వద్దో తెలియని పరిస్థితి.

మా అమ్మాయికి బంగ్లాదేశ్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చింది. పంపొచ్చా?

పంపొద్దు అని చెప్పలేను, ఎందుకంటే ఫీజు, భోజనం, దూరం, సిలబస్ అన్నీ కలిసొచ్చే మన పిల్లలు అక్కడ వేలల్లో ఉన్నారు. 2024 జులైలో వాళ్లలో చాలామంది అగర్తల, మేఘాలయ, బెంగాల్ గేట్ల మీదుగా ఇంటికొచ్చారు, గొడవ చల్లారాక చాలామంది తిరిగి వెళ్లారు. ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం విదేశంలో కోర్సు మొత్తం, ఇంటర్న్‌షిప్‌తో సహా, ఒకే సంస్థలో పూర్తి చేయాలి. మధ్యలో గొడవలొచ్చాయని ఇక్కడి కాలేజీకి మార్చడం కుదరదు. రెండేళ్ల ఫీజు కట్టాక ఆ విషయం తెలిస్తే చేసేదేం లేదు.

వెళ్తే మాత్రం చేరిన వారంలోనే భారత హైకమిషన్‌లో పేరు నమోదు చేయించండి. ఢాకా బయట చిట్టగాంగ్, రాజ్‌షాహీ, ఖుల్నా, సిల్హెట్‌లలో సహాయ హైకమిషన్లున్నాయి, కాలేజీకి ఏది దగ్గరో చూసి ఆ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోమనండి. ఇంటర్నెట్ కట్ అయినప్పుడు ఫోన్‌లోని వాట్సాప్ పనిచేయదు, మామూలు ఇంటర్నేషనల్ కాల్ చేయడానికి సిమ్‌లో బ్యాలెన్స్ ఉండాలి. పాస్‌పోర్టు హాస్టల్ ఆఫీసులో కాకుండా అమ్మాయి దగ్గరే ఉండాలి.